కాఫీ పళ్ళ కాలంలో ఇంటికి ఉత్తరాలు

అరకు
డిసెంబరు మొదటి వారం

నాన్నగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాను. కాఫీ సీజను ఊపందుకుంది కాబట్టి సంక్రాంతి ముందు దాకా మా మకాం ఈ కొండల్లోనే. చాలా ఊళ్ళలో ఫోను పలకదు, అందుకే ఉత్తరాలు. మీరు పైకి చదవండి, అమ్మమ్మ కూడా వింటుంది.

కిరండూల్ బండిలో వచ్చాను. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేదాకా మామూలు ప్రయాణమే. అక్కణ్ణుంచి ఘాటు ఎక్కుతుంది. కిటికీలోంచి చూస్తే మన బండి తోకే వంపు తిరుగుతూ కనిపిస్తుంది. ఈ లైనులో 58 సొరంగాలున్నాయట. మీరు పక్కనుంటే ఒక్కటీ వదలకుండా లెక్కపెట్టి, ప్రతిదాని పొడవూ అంచనా కట్టి ఉండేవారు. మీ బదులు ఎదురు సీటు పిల్లాడు ఆ పని చేశాడు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా ఒక్కసారే కేకలు, వాళ్ళతో నేనూ. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడానికి 1960లలో ఈ లైను వేశారు. ఇప్పటికీ ఖనిజం బండ్లు ఎదురొస్తూనే ఉంటాయి, వాటికి దారివ్వడానికి మన బండి ఓపిగ్గా ఆగుతుంది. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలో ఒకప్పుడు ఇదే ఎత్తయినది. ఆ తర్వాత ఆ పేరు కాశ్మీరుకి పోయింది.

మొన్న మీరడిగిన పీఎఫ్ సంగతి. పాత కంపెనీ డబ్బు తీయలేదు, కొత్త ఖాతాకి మార్పించాను. ఐదేళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే దానిమీద పన్ను పడుతుంది. మార్పిస్తే పాత సర్వీసూ కొత్త సర్వీసూ కలిసే నడుస్తాయి. జీతం హైదరాబాదులో వచ్చినదాంట్లో మూడోవంతు తగ్గిన మాట నిజమే. కానీ విశాఖలో గది అద్దె తక్కువ, ఆఫీసుకి నడిచి వెళ్తాను, ఆటో ఖర్చు లేదు. నెల నెలా కొంత ఆర్డీలో పడుతోంది. ఆ పుస్తకం సంక్రాంతికి తెచ్చి మీ చేతిలో పెడతాను, కూడికలన్నీ సరిచూద్దురుగాని.

ఇరవయ్యారేళ్ళకి మీరు ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశారు. నేనింకా నా బతుకు నేను సర్దుకుంటున్నాను. అలా సర్దుకునే వీలు నాకు ఇచ్చింది మీరే. ఎదురుగా కూర్చుని ఈ మాట చెప్పే అలవాటు మన ఇంట్లో లేదు కాబట్టి ఉత్తరంలో రాస్తున్నాను.

మీ అమ్మాయి


పాడేరు

ఒరేయ్ తమ్ముడూ,

ప్లేస్‌మెంట్లు మొదలయ్యాయని అమ్మ చెప్పింది. సాఫ్ట్‌వేర్ వదిలేసి కాఫీ రుచి చూసే ఉద్యోగంలో ఎందుకు చేరావని అడిగావు కదా, తీరిగ్గా చెప్తా విను.

మేం పొద్దున్నే జీపులో ఊళ్ళకి పోతాం. ఇక్కడ ఒక్కో కుటుంబానికి ఎకరమో రెండెకరాలో కాఫీ తోట ఉంటుంది. ఎత్తుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల పాదులు, ఆ నీడలో కాఫీ మొక్కలు. పోడు కోసం కొండలు నరికి కాల్చే అవసరం తగ్గాలని గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) వాళ్ళు ఈ తోటలు వేయించారు. తూర్పు కనుమల్లోకి కాఫీ అంతకు చాలా ముందే, 1898లో, పాములేరు లోయకి ఒక ఇంగ్లీషు దొర తెస్తే వచ్చిందంటారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది.

ఒకే గుత్తిలో పచ్చకాయా ఎర్రపండూ కలిసి ఉంటాయి. ఎర్రదే కొయ్యాలి. అందుకని ఒకే చెట్టు దగ్గరికి సీజనంతా మళ్ళీ మళ్ళీ రావాలి. నిన్న ఒక అక్క నాకు కోత నేర్పింది. ఆమె రెండు చేతులూ రెండు కొమ్మల మీద ఆడుతుంటే, మాటలు మాత్రం నాతో ఆడుతోంది. బుట్టలో ఒక్క పచ్చకాయ లేదు. పండు నోట్లో వేసుకుంటే పైతోలు కింద గుజ్జు సన్నగా, తియ్యగా ఉంటుంది. ఈ రుచికీ మనం తాగే కాఫీకీ పోలికే లేదు!

సాయంత్రం పళ్ళని నీళ్ళ తొట్టెలో పోస్తారు. తేలినవి తాలు, తీసేస్తారు. మునిగినవాటిని మరలో వేసి తోలు ఒలుస్తారు, గింజ మీది జిగురు పోవడానికి పులియబెట్టి కడుగుతారు, ఎత్తైన జల్లెడ బల్లల మీద ఆరబోస్తారు. తేమ పది పదకొండు శాతానికి దిగాలి. ఎక్కువుంటే బూజు పడుతుంది, మరీ ఎండితే గింజ పగులుతుంది. ఆరు కిలోల పళ్ళు కోస్తే చివరికి సుమారు కిలో గింజలు. ఈ లెక్క తెలిశాక గ్లాసులో అడుగున కొంచెం కాఫీ వదిలెయ్యడానికి నాకు మనసు రావడం లేదు.

ఇక నా పని. ప్రతి నమూనాకీ ఐదు కప్పులు పెడతాం. 150 మిల్లీలీటర్ల నీళ్ళకి 8.25 గ్రాముల పొడి. వేడినీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఆగి, పైన తేలిన పొరని చెంచాతో విరిచి వాసన చూస్తాం. కాస్త చల్లారాక చెంచాతో తీసి గట్టిగా చప్పుడయ్యేలా జుర్రాలి, అప్పుడే రుచి నోరంతా పరుచుకుంటుంది. చిన్నప్పుడు చారు జుర్రితే అమ్మ నిన్ను ఎన్ని తిట్లు తిట్టేదో! ఇప్పుడు అదే పనికి నాకు జీతమిస్తున్నారని అమ్మకి చెప్పు.

ఒకే కాఫీకి ఐదు కప్పులెందుకంటావా? ఒక్క చెడ్డ గింజ ఒక్క కప్పులోనే పడొచ్చు. ఒక కప్పే పెడితే ఆ లోపం కనపడకపోవచ్చు, లేదా మంచి బస్తా మొత్తానికి చెడ్డపేరు రావచ్చు. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో నేను నేర్చుకున్నదీ ఇదే. లోపం ఎక్కడ పుట్టిందో, ఇంకొకళ్ళు చూసినా అది కనపడేలా రాసిపెట్టడం. కాబట్టి ఆ ఏళ్ళు వృథా పోయాయని ఎవరన్నా అంటే నమ్మకు. అక్కడ నేను రాసిన రిపోర్టు ఎవరికి పనికొచ్చిందో నాకు తెలిసేది కాదు. ఇక్కడ మొన్న ఒక ఊరి కాఫీలో పులుపు ఎక్కువైందని రాస్తే, ఆ ఊరి కేంద్రంలో పులియబెట్టే గంటలు తగ్గించారు. తర్వాత వచ్చిన నమూనా తాగి నేను ఎగిరి గంతేశాను. ఆ సంతోషం కోసం చేరాను ఈ ఉద్యోగంలో.

నీకు కోడింగ్ ఇష్టం, నాకు తెలుసు. రాత్రి రెండింటికి ప్రోగ్రాం పనిచేసిందని మమ్మల్ని లేపేవాడివి. నువ్వు హాయిగా ఆ దారినే పో. ఇంటర్వ్యూలో నోరు తడారితే నీళ్ళు అడిగి తాగు, ఏమీ అనుకోరు. ఉద్యోగం రాగానే మొదట నాకు ఫోను చెయ్యి. సిగ్నల్ లేకపోతే అది వచ్చేదాకా చేస్తూనే ఉండు.

అక్క


చింతపల్లి

అమ్మమ్మా,

నువ్విచ్చిన శాలువా రాత్రీ పగలూ భుజం మీదే ఉంది. ఇక్కడి చలి నీ మోకాళ్ళకి పడదు, ఎండాకాలంలో తీసుకొస్తాను. దారంతా వలిసె పూలు, పసుపు రంగు తప్ప ఇంకేమీ కనపడనంత. ఏ ఇంటికి వెళ్ళినా ముందు చోడి అంబలి పోస్తారు. అది తాగాక మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండదు. బొంగులో చికెన్ సంగతి నీ దగ్గర ఎత్తను, పూజ గదిలోకి రానివ్వవు.

సంతకి పోయాను. పసుపు, మిరియాలు, రాజ్మా, అడ్డాకుల కట్టలు. నీకు మిరియాలు కొన్నాను. ఒకటి కొరికి చూశాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అంత ఘాటు. ఆర్.వి. నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం ఉంది, మా జీపు ఆ దారినే పోయింది. అప్పుడే నీ ఫిల్టరు కాఫీ గురించి మా బృందానికి చెప్పాను. చికోరీ కలుపుతావని కూడా చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు, పైగా అందరూ తాగడానికి మన ఇంటికి వస్తామన్నారు. ఆరుగురు. ఇత్తడి గ్లాసులు తోమించి పెట్టు.

నీ మనవరాలు


లంబసింగి

అమ్మా,

తెల్లారి మంచులో ఎదురుగా వచ్చే మనిషి పక్కకి వచ్చేదాకా కనపడడు. ఆ మంచు చూడ్డానికి విశాఖ నుంచీ, రాజమండ్రి నుంచీ కార్లు అర్ధరాత్రి బయల్దేరి వస్తాయి. రోడ్డు పక్క నెగళ్ళ దగ్గర అందరూ చుట్టాల్లా కలిసిపోయి చలి కాచుకుంటారు. నాకు మంచుకన్నా ఆ నెగళ్ళ దగ్గరి కబుర్లే నచ్చాయి.

నా స్నేహితురాళ్ళ కబుర్లు అడిగావు. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి డల్లాస్‌లో ఉంది, ఎమ్మెస్ అయిపోయింది, ఉద్యోగం వెతుక్కుంటోంది. ఇంకొకతె హైదరాబాదు అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి చదువుతోంది. పుస్తకాలు సర్ది మిగిలిన చోట తను పడుకుంటుంది, కానీ గొంతులో ఎప్పుడూ ఉత్సాహమే. ఒకతెకి పాప పుట్టింది. అందరం కలిసి ఫోనులో మాట్లాడుకుంటే ఒకే వయసు వాళ్ళమేనా అనిపిస్తుంది. ఒకళ్ళు వీసా గురించి, ఒకళ్ళు ఉగ్గు గురించి, నేనేమో గింజల తేమ గురించి. ఒకళ్ళ మాట ఒకళ్ళకి సగమే అర్థమవుతుంది, అయినా గంట దాటినా ఎవరూ ఫోను పెట్టరు. వీళ్ళు నాకు దొరకడం నా అదృష్టం.

నా ఆరోగ్యం బావుంది. వంట వచ్చింది. పప్పు నీ అంత బాగా వస్తోంది, పులిహోర ఇంకా రాలేదు, సంక్రాంతికి పక్కన నిలబడి నేర్చుకుంటాను. కొండలు ఎక్కి దిగి బరువు తగ్గాను, చూడగానే బెంగపడకు.

సంబంధం సంగతి తమ్ముడు చెప్పాడు. అబ్బాయి ఫొటో చూశాను, మాట్లాడటానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అబ్బాయి వాళ్ళతో అత్త, నేనింకా సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నానని చెప్పిందట. అత్త నా మంచికోరే చెప్పి ఉంటుంది, ఆవిడ్ని ఏమీ అనకు. వాళ్ళకి మాత్రం నువ్వే ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పు. కాఫీ నాణ్యత చూసే ఉద్యోగమనీ, జీతం ఇంత అనీ, ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కొండల్లో తిరుగుతుంటాననీ, పెళ్ళయ్యాక కూడా తిరుగుతాననీ. ఇవన్నీ విన్నాక కూడా వస్తామంటే భోగి మర్నాడు రమ్మను. రెండు రకాల కాఫీ నేనే కలిపి ఇస్తాను, ఏది బావుందో అబ్బాయిని చెప్పమందాం.

మీ అమ్మాయి