తరగతి గదిలో కన్యాశుల్కం

ఉన్నత పాఠశాలలో నాటక భాగం పాఠ్యాంశంగా వచ్చినప్పుడు సాధారణంగా జరిగేది ఒకటే. ఉపాధ్యాయుడు పాత్రల పేర్లతో సహా సంభాషణలను చదివి, కఠిన పదాలకు అర్థాలు చెప్పి, సందర్భసహిత వ్యాఖ్యలు రాయించి పాఠం ముగిస్తాడు. నాటకం దృశ్యకావ్యమన్న నిర్వచనాన్ని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. దృశ్యాన్ని మాత్రం చూడడు. వార్షికోత్సవం నాటి నాటికది మరొక దారి. గొంతు పెద్దదైన వారికి ప్రధాన పాత్ర, మార్కులు బాగా వచ్చే వారికి రెండో పాత్ర దక్కుతాయి. మిగిలినవారు కుర్చీలు మోస్తారు. మైకు ముందు అప్పజెప్పిన ఆ మాటలకు చప్పట్లు మోగవచ్చు గాని, దానిని నాటక బోధన అనడం కష్టం.

నిజానికి తెలుగు నాటకానికి, చదువుల బడికి ఉన్న చుట్టరికం పాతది. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు తమ 'వ్యవహార ధర్మబోధిని'ని ప్రదర్శింపజేసినప్పుడు వేషాలు కట్టినవారు విద్యార్థులే. ఆధునిక తెలుగు రంగస్థలం కళ్లు తెరిచింది ఒక ఉపాధ్యాయుని చేతుల మీదుగానే.

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైనది 1892లో. 1897లో అచ్చయింది, ఎంతో పెంచి మార్చిన రెండవ కూర్పు 1909లో వెలువడింది. ఇంతటి నాటకం పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలకు బరువు కాదా అని కొందరు సందేహిస్తారు. ఆ సందేహం పూర్తిగా తీసివేయదగినది కాదు. మొత్తం నాటకం వారికి అక్కరలేదు కూడా. అయితే పెద్దల మాటలతో నిండిన ఆ నాటకంలో కథ నిలిచి ఉన్నది ముగ్గురు చిన్నవాళ్ల మీద. వెంకటేశం ఇంగ్లీషు చదువుకొనే కుర్రవాడు. కరటకశాస్త్రి శిష్యుడు ఆడవేషం వేసుకొని ముసలి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురుగా వెళ్లేవాడు. మూడవది సుబ్బి. తండ్రి డబ్బు పుచ్చుకొని పెళ్లి చేయబోయేది ఆమెకే.

ఒక చిన్న ఘట్టాన్ని ఎన్నుకొని బల్లలు గోడవారగా జరిపితే రంగస్థలం సిద్ధమవుతుంది. పూర్వులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా చెప్పారు. మన బడులలో వేషభూషలకు సంబంధించిన ఆహార్యం ముందుగా వచ్చి కూర్చుంటుంది. పట్టుపంచె ఎవరిది, గడ్డం దేనితో అతికించాలి అన్న చర్చలోనే సగం రోజులు గడిచిపోతాయి. అది లేకుండానే మొదలుపెట్టడం మేలు. అగ్నిహోత్రావధాన్ల కోపాన్ని ఒకే విద్యార్థికి అప్పగించక, అదే ఘట్టాన్ని వరుసగా నలుగురి చేత చేయించాలి. ఒకడు అరుస్తాడు. ఒకడు పళ్లు కొరుకుతాడు. మూడవవాడు గొంతు తగ్గించి పలికితే తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. కోపమంటే కేకలు కాదని వివరించవలసిన పని ఉపాధ్యాయునికి మిగలదు.

భాష విషయంలో మరికొంత ఓర్పు అవసరం. గురజాడ తన పాత్రలకు ఇచ్చినది ఉత్తరాంధ్రలో నాడు జనం మాట్లాడుకొన్న తెలుగు. దానిని అనంతపురం పిల్లవాడో కరీంనగరం బాలికో ఉన్నదున్నట్లు అనుకరించబోతే నవ్వులాటే మిగులుతుంది. ముందుగా సందర్భం చెప్పి, వారి ఇంటి మాటలలోనే ఆడించి, ఆ తరువాత మూలానికి తీసుకురావాలి. తరగతిలో తన యాసకు జంకి నోరు విప్పని విద్యార్థికి మొదటిసారి చోటు దొరికేది ఇక్కడే.

శిష్యుని పెళ్లి ఘట్టానికి పిల్లలు పడి పడి నవ్వుతారు. నవ్వనీయాలి. గురజాడ దానిని నవ్వించడానికే రాశాడు. నవ్వు తగ్గాక అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ కుర్రవాడు వేషం తీసివేసి తప్పించుకొన్నాడు. సుబ్బి ఏ వేషం తీసివేయాలి? పుస్తకం తిరగేసి చూస్తే, ఇంత కథకూ కారణమైన ఆ పిల్లకు చెప్పుకోదగిన మాటలే లేవని వారికే తెలుస్తుంది.

ఇక్కడ తొలి కూర్పు పీఠికలోని లెక్కలను నల్లబల్ల మీద రాయడం మంచిది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలు 1034. పెళ్లినాటికి అయిదేళ్ల వయసు గలవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. 1929లో శారదా చట్టం వచ్చింది. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్ల పెళ్లిని నేరంగా చూస్తున్నది. అయినా పదవ తరగతి పరీక్షలు ముగియగానే పెళ్లి మాటలు మొదలయ్యే ఇళ్లు నేటికీ లేకపోలేదు. ఆ ఇళ్ల పిల్లలు అదే గదిలో కూర్చొని ఉండవచ్చు. కాబట్టి సొంత కథ చెప్పమని ఎవరినీ ఉపాధ్యాయుడు అడగరాదు. నాటకం ఆ మరుగును కల్పిస్తుంది. పాత్ర పేరు చాటున చెప్పిన మాటకు ఎవరూ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

అడగవలసింది సుబ్బి మాటలే. పెళ్లి కుదిరిన రాత్రి ఆమె పలికే మాటలను పది వాక్యాలలో రాసి, లేచి నిలబడి పలకమనాలి. కొందరి సుబ్బి తండ్రిని నిలదీస్తుంది. కొందరి సుబ్బి తల్లి కొంగు పట్టుకొని ఏడుస్తుంది. అబ్బాయిలు కూడా రాయాలి, పలకాలి. మొదట సిగ్గుపడినా పలుకుతారు. ఎవరో ఒకరు, సుబ్బికి ఏమీ తెలియదనీ, కొత్త గాజులు ఎప్పుడు తెస్తారని మాత్రమే అడుగుతుందనీ రాస్తారు. ఆ కాగితాన్ని చివరన చదివించడం మంచిది.