కొచ్చిలో పడవే సిటీ బస్సు

శబరి ఎక్స్‌ప్రెస్ స్లీపర్‌లో ఎర్నాకుళం చేరేసరికి నడుము పట్టేసింది. అయ్యప్ప సీజన్ కాదు గనుక బెర్తయినా దొరికింది. స్టేషన్ బయట ఆటోవాళ్లు ఫోర్ట్ కొచ్చికి వందల్లో చెప్పారు. వాళ్లకో నమస్కారం పెట్టి, బోట్ జెట్టీకి సిటీ బస్సెక్కాను.

అక్కడ రాష్ట్ర జలరవాణా శాఖ పడవకు టికెట్ పది రూపాయల లోపే. కొత్తగా వచ్చిన వాటర్ మెట్రోకు అంతకు కొన్ని రెట్లు పెట్టాలి. ఏసీ ఉంటుంది కానీ ఉప్పుగాలి తగలదు. నా ఓటు పాత పడవకే. క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని కునికే ఉద్యోగుల మధ్య ఇరుక్కుని కూర్చుంటే, ఎడమవైపు విల్లింగ్డన్ దీవి మెల్లగా సాగిపోతుంది. గత శతాబ్దం తొలినాళ్లలో రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజినీరు ఓడరేవు కోసం నీటి అడుగు తవ్విస్తే, ఆ మట్టితో తయారైన నేల అది. కుడివైపు వల్లార్‌పాడం కంటైనర్ క్రేన్లు. పెద్ద ఓడ ఎదురైతే మన పడవే మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. ఇదే నీళ్లను టూరిస్టు లాంచీలో చూడాలంటే వందలు పోయాలి, పైగా మైకులో పాటలు భరించాలి.

ఫోర్ట్ కొచ్చి ఒడ్డున చీనా వలలు. దుంగల చట్రానికి వల, వెనక తాళ్లకు వేలాడే బండరాళ్లు. ఆ బరువు ఆసరాతో నలుగురైదుగురు లాగితే వల పైకి లేస్తుంది. ఒక జాలరిని "చేట్టా (అన్నా), ఎంత పడింది?" అంటే గంప వంచి చూపించాడు. అడుగున గుప్పెడు చిన్న చేపలు. తాడు లాగి ఫొటో దిగమన్నాడు, తర్వాత చెయ్యి చాపాడు. ఇరవై ఇచ్చాను. ఆ రోజు వల కంటే నేనే ఎక్కువ గిట్టుబాటయ్యుంటాను.

బస, ఫ్యాను తిరిగే డార్మిటరీలో. భోజనం, మూటలు మోసే కూలీలు తినే హోటల్లో: ఎర్రటి మట్ట బియ్యం అన్నం, సాంబారు, తోరన్ (కొబ్బరి వేసిన వేపుడు), మోరు (మజ్జిగ). గులాబీ రంగు వేడినీళ్లు తెచ్చిపెడితే కంగారు పడొద్దు, పతిముఖం చెక్క వేసి కాచినవవి. కారం చాలదంటారా, నా సంచిలో ఆవకాయ సీసా ఉండనే ఉంది.

మట్టాంచేరికి నడిచే వెళ్లాలి. బజార్ రోడ్డులో మిరియాలు, శొంఠి గోదాముల ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంటుంది. అతి చవకగా తీసుకెళతానన్న ఆటో ఎక్కితే కమీషన్ ఇచ్చే దుకాణాల దగ్గర దిగక తప్పదు. అక్కడి రాజభవనాన్ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ, 16వ శతాబ్దంలో కట్టి కొచ్చి రాజుకిచ్చింది పోర్చుగీసువారు. డచ్చివాళ్లు చేసింది మరమ్మతులే. అయిదు రూపాయల టికెట్‌కు పడకగది గోడల నిండా రామాయణ చిత్రాలు. దగ్గర్లోనే 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం. నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలి పలకలు. ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు, మందిరానికి శనివారం. వారాంతం చూసుకుని బయల్దేరేవాళ్లు రైలు టికెట్ కంటే ముందు ఈ లెక్క చూసుకోవాలి.