నిచ్చెన మీద లెక్కలు

పుంగనూరు అనగానే మూడడుగుల పొట్టి ఆవు గుర్తొస్తుంది. అక్కణ్నుంచి మదనపల్లె దాటి వెళితే కొండల నడుమ రిషివ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఆ బడి పేరు చాలామందికి తెలుసు. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం అక్కడే పుట్టిన ‘రివర్’ పద్ధతి సంగతి తెలిసినవారు మాత్రం తక్కువే!

పల్లెబడిలో టీచరు ఒక్కరే, తరగతులు అయిదు. అందుకే 1980ల్లో పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను విడగొట్టి కార్డులుగా మార్చారు. గోడమీద నిచ్చెన బొమ్మ, మెట్టుకు కొన్ని కార్డులు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం ఒంటబట్టని పాప ఆ మెట్టుమీదే నాలుగు రోజులుండొచ్చు. పక్కనున్న చురుకైన పిల్లాడు భిన్నాల్లోకి వెళ్లిపోవచ్చు. చెనక్కాయలు పీకే రోజుల్లో వారం మానేసినా సరే, ఆపిన మెట్టు నుంచే మళ్లీ మొదలు.

అంకెలంటే తికమకపడే డిస్కాల్క్యులియా పిల్లల కోసం పెట్టింది కాదిది. కానీ వాళ్లకు కావలసిందీ అదేగా... తొందరపెట్టని లెక్కలు! కాకపోతే, ఎవరు ఎక్కడ ఆగారో కనిపెట్టే టీచరు లేకపోతే కార్డులు ఉత్త అట్టముక్కలే. కర్ణాటకలో ‘నలి కలి’కి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన మార్పుకీ మూలం ఈ నిచ్చెనే.

లెక్కల్లో దూసుకుపోయే పిల్లలుంటే పుంగనూరు నుంచి ఇటు పలమనేరు మీదుగా కుప్పం వెళ్లాలి. అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణంలో 2017లో రామానుజన్ మ్యాథ్ పార్కు తెరిచారు. పుస్తకంలోని సూత్రాలు అక్కడ చేత్తో తాకి చూసే నమూనాలు. ముందుగా అడిగి వెళ్లడం మంచిది.