గడీ వెనుక అధికారం

వ్యవస్థీకృత నేరకుటుంబాల్లో పదవి ఒకరిదైతే పెత్తనం మరొకరిది కావడం అరుదేమీ కాదు. న్యూయార్క్‌లోని జెనోవీస్ ముఠాలో ఆంథొనీ సలెర్నో నాయకుడిగా పైకి కనిపిస్తుండగా, మతి చలించినవాడిలా స్నానపు అంగీతో వీధుల్లో తిరిగిన విన్సెంట్ జిగాంటే లోపలినుంచి ముఠాను నడిపించాడు. ఇటువంటి ఏర్పాటుకు తెలంగాణలో దగ్గరి పోలిక వెతకాలంటే నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాకు రావాలి.

విసునూరు రాపాక రామచంద్రారెడ్డి దేశ్‌ముఖ్, అంటే శిస్తు వసూలు హక్కు వంశపారంపర్యంగా దక్కిన భూస్వామి. ఆ బిరుదు కొడుక్కే ఉన్నా, కడవెండి గడీలో, అనగా కోటవంటి దొర ఇంట్లో, చక్రం తిప్పింది తల్లి జానమ్మ దొరసానే. వెట్టి, అంటే కూలి ఇవ్వని నిర్బంధ చాకిరీ, ఆమె నోటిమాట మీదే సాగేది. బాలింతలు పసిబిడ్డలకు పాలివ్వడానికి పొలం గట్టెక్కడం కూడా ఆమె కంట్లో నేరమేనని ఆ ఊళ్ల జనం చెప్పుకుంటారు. ఏ ఫర్మానాలోనూ, అంటే రాజాజ్ఞలోనూ, లేని ఈ అధికారమే, రాతకోతలకు దొరకదు గనుక, బిరుదుకన్నా భయంకరమైనది.

1946 జూలై 4న కడవెండిలో ఈ పెత్తనాన్ని ఎదిరించిన రైతుల సంఘం ఊరేగింపుపై దొర గూండాలు కాల్పులు జరపగా సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. రామచంద్రారెడ్డి వారసుడు బాబుదొర 1948 పోలీసు చర్య, అంటే హైదరాబాద్ సంస్థానంపై భారత సైనిక చర్య, తర్వాత జనగామలో జనం చేతిలో హతమయ్యాడు.