రసాల సీమలో రంగస్థలం

విజయవాడ నుంచి కొండపల్లి మీదుగా మైలవరం చేరి, అక్కడ రెడ్డిగూడెం దారి పడితే చాలు... ఎటు చూసినా మామిడి తోటలే! 2022లో జిల్లాలు విడదీసినప్పుడు రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. చెట్లకు మాత్రం ఆ సరిహద్దు పట్టలేదు. చిన్నరసాలు, బంగినపల్లి, ఇక్కడివాళ్లు 'కలెక్టర్' అని పిలిచే తోతాపురి... అటూ ఇటూ అవే.

ఈ సీమలో పండును ఊరికే 'బాగుంది' అనరు. తొక్క మందమెంత, పీచు ఉందా, టెంక ఎంత, రసం ఎలా దిగుతోంది... అన్నీ చెబుతారు. పూతను చూసి కాపును అంచనా కట్టే వ్యాపారులూ ఉంటారు. మంచు పట్టొచ్చు, తేనెమంచు పురుగు తగలొచ్చు, ఈదురుగాలికి పిందె రాలొచ్చు. అయినా పూతలోనే పంటను పోల్చే కన్ను వాళ్లది.

ఆ కన్ను ఒకప్పుడు నాటకానికీ ఉండేది. మీరు దాటొచ్చిన మైలవరమే అందుకు సాక్ష్యం. గత శతాబ్దం తొలినాళ్లలో ఇక్కడి జమీందారు అండతో నడిచిన బాలభారతి నాటక సమాజం ఎంతో పేరు తెచ్చుకుంది. యడవల్లి సూర్యనారాయణ వంటి మేటి నటులు ఆ సమాజంలో ఆడారు. అప్పట్లో ఆడ వేషాలు ఎక్కువగా మగవాళ్లవే. సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావును 1956లో పద్మశ్రీ వరించింది. సురభి కుటుంబాల్లో మాత్రం ఆడవాళ్లే ఆడ వేషాలు కట్టేవారు.

తర్వాత కాలం మారింది. బెజవాడలో పెరిగిన సావిత్రి బాలికగా ఉన్నప్పుడే కాకినాడ నాటక పరిషత్తు పోటీల్లో పాల్గొని, పృథ్వీరాజ్ కపూర్ చేతుల మీదుగా బహుమతి అందుకుంది. కృష్ణ దాటితే దుగ్గిరాల. అక్కడ పెరిగిన జమున, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకంలో నటించింది. డాక్టర్ గరికపాటి రాజారావు ఆ నటన చూసి 'పుట్టిల్లు'లో కథానాయికను చేశారు. ఆ సినిమా 1953లో వచ్చింది.

ఇద్దరి పూతా నాటకంలోనే. కాపు మాత్రం మద్రాసుకు వెళ్లింది! మెచ్చుకోలే వాళ్లను రంగస్థలం నుంచి సాగనంపింది. సావిత్రి 1981లో, జమున 2023లో వెళ్లిపోయారు. వాళ్ల సినిమాలు ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. కానీ 'మా భూమి'లో ఆ పిల్ల ఎలా నిలబడింది? ఏ మాట దగ్గర గొంతు తగ్గించింది? నాటకానికి రీలు ఉండదు. తెర పడ్డాక మిగిలేది చూసినవాడి మాటే.

ఆ మాట ఇప్పుడెలా ఉంది? కొత్త నటి ప్రాణం పెట్టి ఆడినా, 'తన పాత్రకు న్యాయం చేసింది' అని ఒక్క ముక్కతో సరి! చినరసాన్ని 'పండు పండులా ఉంది' అన్నట్టే కదా అది. దాంతో ఆ అమ్మాయికి ఏం అందుతుంది? ఆమెను చూడని వాళ్లకు ఏం తెలుస్తుంది?

ఏప్రిల్, మే నెలల్లో ఇటు రండి. రసాలు తినండి. దగ్గర్లో ఎక్కడైనా పందిట్లో నాటకముంటే కూర్చోండి. వేదిక మీద కొత్తమ్మాయి కనిపిస్తే, ఇంటికెళ్లాక ఆమె ఏం చేసిందో చెప్పండి... ఇక్కడి రైతు పండు గురించి చెప్పినంత వివరంగా.