ఓటరు జాబితాలో లేని మూడు కాలమ్స్

ఎన్నికల వార్ రూమ్ అనగానే పెద్ద పెద్ద తెరలు, రహస్య వ్యూహాలు గుర్తొస్తాయి కదా? 2024 ఎన్నికల ముందు నాలుగు నెలలు నేను అలాంటి ఒక ఆఫీసులో పనిచేశాను. అక్కడ ఎక్కువగా కనిపించేవి ఎక్సెల్ షీట్లు, చల్లారిపోయిన టీ కప్పులు, ఛార్జర్ కోసం కొట్లాటలు. ఏ పార్టీకి అని మాత్రం అడక్కండి. నేను చెప్పబోయేదానికి దాంతో పని లేదు.

మాది పాకాల. 2022లో జిల్లాలు విడగొట్టాక మా జిల్లా తిరుపతి అయింది. అసెంబ్లీ సీటు చంద్రగిరి. ఎంపీ సీటు మాత్రం చిత్తూరే. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివి బెంగళూరులో కోడింగ్ చేసుకుంటున్నవాడిని. ఒక ఉద్యోగం మానేసి ఇంకోటి వెతుక్కుంటున్న టైంలో కాలేజీ సీనియర్ ఒకన్న ఫోన్ చేసి, "నాలుగు నెలల ప్రాజెక్టు ఉంది, వస్తావా" అన్నాడు. రాజకీయాల మీద పిచ్చి లేదు కానీ డేటా అంటే ఇష్టం. సరే అన్నాను.

మొదటి పని ఓటర్ల జాబితా. పోలింగ్ కేంద్రానికి ఒక పీడీఎఫ్. అప్పట్లో ఒక్కో కేంద్రానికి మహా అయితే 1,500 ఓట్లు ఉండేవి. అక్షరాలు కాపీ అయ్యే ఫైళ్లు కావవి, బొమ్మల్లాంటివి. వాటిలోంచి తెలుగు పేర్లు బయటికి తీయాలి. సాఫ్ట్‌వేర్‌కి మన ఒత్తులంటే భయం. ఒకే మనిషి ఒకచోట మునెమ్మ, ఇంకోచోట మునేమ. వాటిని సరిచేయడానికే నెల పట్టింది.

ఆ జాబితాలో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఆడో మగో, ఓటరు కార్డు నంబరు ఉంటాయి. ఫోన్ నంబరు ఉండదు. కులం ఉండదు. ఎవరికి ఓటేస్తారన్నది అసలే ఉండదు. నేను చూసిన ప్రచారంలో సగం పని ఆ లేని మూడు కాలమ్స్ నింపడమే. బూత్ స్థాయి కార్యకర్తలు ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటిపేరు చూసి కులం నొక్కుతారు. మనోళ్లా, అవతలోళ్లా, తేలనివాళ్లా అని రంగు నొక్కుతారు. ఆ రంగులు ఎంచుకోవడానికి మాకు ఒక పూట పట్టింది. పసుపు పెడితే ఒక పార్టీ, నీలం పెడితే ఇంకో పార్టీ, కాషాయం పెడితే మరోటి! తేలనివాళ్లకు చివరికి బూడిద రంగు ఇచ్చాం.

ఒక రాత్రి డేటా చెక్ చేస్తుంటే ఒక విషయం కనిపించింది. ఇంట్లో అయిదు ఓట్లుంటే అయిదింటికీ ఒకటే రంగు. అలాంటి ఇళ్లు వరసగా వందల కొద్దీ ఉన్నాయి. మా వైపు తిరిగే ఒకన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఇంట్లో అందర్నీ అడిగినారా?"

"పెద్దాయన ఉండాడు కదప్పా. ఆయన జెప్తే అంతే గదా!"

మా ఇంటి నంబరు వెతికాను. నాలుగు ఓట్లు, నాలుగూ ఒకటే రంగు. పొద్దున్నే అమ్మకు ఫోన్ చేశాను.

"మనింటికి ఎవరైనా వచ్చినారామ్మా?"

"వచ్చినారు. నేను పాలు పిండతా ఉన్నా. మీ నాయన మాట్లాడి పంపించేసినాడు."

"మరి నీ ఓటు ఎవరికి?"

"వాళ్లూ అడగలా, నువ్వూ అడగబాక," అని ఫోన్ పెట్టేసింది.

మన రాష్ట్రంలో మగవాళ్ల కన్నా ఆడవాళ్ల ఓట్లే ఎక్కువ. నేను చూసిన ఆ పట్టికల్లో చాలామంది ఆడవాళ్ల రంగు మాత్రం అరుగు మీద కూర్చున్న మగాయన చెప్పిన రంగే. అందరూ గొప్పగా చెప్పుకునే డేటా సైన్స్ అక్కడ ఆ అరుగు దాటి లోపలికి పోలేదు.

మే 13, సోమవారం పోలింగ్. నాకు ఒక రోజు సెలవు దొరికితే ఊరికొచ్చాను. రెండు మెషిన్లు. పార్లమెంటుకు తెల్ల కాగితం, అసెంబ్లీకి గులాబీ కాగితం. బటన్ నొక్కితే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించి లోపలికి పడిపోయింది. నెలల తరబడి మేం ఊహించి నింపిన కాలమ్ అసలు జవాబు ఆ ఏడు సెకన్లే. దాన్ని చూసేది ఓటేసినవాళ్లొక్కరే. రాష్ట్రంలో ఆ ఎన్నికల్లో 81.86 శాతం మంది ఓటేశారు. ఫలితాల దాకా రెండు వైపులవాళ్లూ గెలుపు మాదేనన్నారు. జూన్ 4న చూస్తే 175 సీట్లలో 164 ఒకే వైపు.

కథ అక్కడితో అయిపోలేదు. ఎన్నికలయ్యాక ఫారం 20 అని ఒకటి బయటికొస్తుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. అంటే మనిషి ఓటు రహస్యమే కానీ, ఊరి ఓటు రహస్యం కాదు. బ్యాలెట్ పేపర్ల కాలంలో వేర్వేరు కేంద్రాల పేపర్లను కలిపేసి లెక్కపెట్టే వీలుండేది. మెషిన్లకూ అలాగే చేద్దామని, టోటలైజర్ అనే పరికరం పెడదామని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ కూడా అదే చెప్పింది. ఇప్పటికీ అది అమల్లోకి రాలేదు.

సిటీలో ఉండేవాళ్లకు ఇది చిన్న సంగతే. మూడు నాలుగు వందల ఓట్ల పల్లెకు కాదు. "మన ఊర్లో లీడ్ రాలా, ఇంక రోడ్డెట్లొస్తాది" అనే మాట మా వైపు వింటూనే పెరిగాను. మా చంద్రగిరి నియోజకవర్గంలోనే 2019లో, దళితులను ఓటు వేయనివ్వలేదన్న ఫిర్యాదులతో ఏడు పోలింగ్ కేంద్రాల్లో రీపోలింగ్ పెట్టాల్సి వచ్చింది. అలాంటి చోట ఊరి లెక్కకు తోడు ఇంటింటి రంగు కూడా ఎవరి ఫోన్‌లోనో ఉందంటే, భయం ఎవరికి ఉంటుందో చెప్పక్కర్లేదు. డేటా రక్షణ చట్టం 2023లోనే పాసైంది. మేం పనిచేసిన నాటికి మాత్రం అమల్లోకి రాలేదు.

ప్రచారానికి డేటా వద్దని నేననను. తాగునీళ్లు రాని వీధి ఏదో, పింఛను అందని అవ్వ ఎవరో నాయకుడికి తెలిసింది కూడా ఆ యాప్‌ల వల్లే. ఆ పని చేసినందుకు నాకు సంతోషమే. కానీ అది సమస్యల జాబితాగానే ఉండాలి, మనుషుల జాబితాగా మారకూడదు.

అందుకే మీతో ఒక మాట. ఈసారి మీ గడపలోకి ఎవరైనా యాప్ పట్టుకుని వస్తే మీ వీధి సమస్య ఉన్నదున్నట్టు చెప్పండి. ఫోన్ నంబరు, కులం, ఎవరికి ఓటు అని అడిగితే చెప్పాల్సిన పని లేదు. జాబితాలో ఆ కాలమ్స్ లేకపోవడం పొరపాటు కాదు. ఇంట్లో అందరి తరఫునా నాన్న చెప్పేస్తుంటే, "ఎవరి ఓటు వాళ్లది నాన్నా" అని ఒక్క మాట అనండి. ఆయన ఒకసారి మీ వైపు గుర్రుగా చూస్తాడేమో. ఫర్వాలేదు.