ఎదిగే పిల్లవాడికి విల్లు

పాస్టరు విల్లు కొనడం గురించి వ్రాయడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ అలాగే అనిపించి రెండు నెలలు ఊరుకున్నాము. అయితే మొన్న పల్లెలో వ్యవసాయం చేసుకునే ఒక సహోదరుడు తన కుమారునికి విల్లు కొనాలని సలహా అడగడానికి మా ఇంటికి వచ్చాడు. మేము చేసిన తప్పును అతనికి దాచకుండా చెప్పవలసి వచ్చింది. ఒకరికి చెప్పిన తరువాత పదిమందికి చెప్పడానికి సిగ్గెందుకని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నిరుడు వేసవిలో మా అంబర్‌పేట సంఘంలో వి.బి.ఎస్. జరిగినప్పుడు పిల్లలు దావీదు యోనాతానుల నాటిక వేశారు. యోనాతాను పొలములో బాణములు వేసి స్నేహితునికి గురుతు తెలియజేసిన సంగతి (1 సమూయేలు 20) మీరెరుగుదురు. మా రెండవవాడు యోనాతాను. వాళ్ళమ్మ వెదురు బద్దకు పురికొస కట్టి విల్లు చేసి ఇచ్చింది. నాటిక అయిపోయింది గాని విల్లు వాడి చేతిలోనుండి దిగలేదు. పదవ తరగతి పరీక్షలు వ్రాసి ఖాళీగా ఉన్నాడు. మేడమీద గోడకు పాత దుప్పటి కట్టి రోజంతా అదే పని. వాడు ఏదీ అడిగే పిల్లవాడు కాడు. అలాంటివాడు ఒకరోజు భోజనాల దగ్గర, "నాన్నా, నిజం విల్లు ఒకటి కొనిపెడతారా?" అన్నాడు.

మా మనస్సు ఎక్కడికో వెళ్ళిపోయింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు తెచ్చిన ఫోటో మా కళ్ళలో మెదిలింది. ఆ అమ్మాయి వాడేది చక్రాలు గల కాంపౌండు విల్లు. దానిని పూర్తిగా లాగిన తరువాత చేతిమీద బరువు చాలావరకు తగ్గిపోతుంది. మన తాతలనాటి సాదా విల్లుకు ఆ దయ లేదు. లాగినకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. ఈ తేడా మాకు అప్పుడు తెలియదు. పతకం ఒక్కటే తెలుసు.

జూన్ నెలలో ఒక సోమవారం వాడిని వెంటబెట్టుకొని ఒక ఆటసామాన్ల కొట్టుకు వెళ్ళాము. అక్కడ సాదా విల్లులు రెండు ఉన్నాయి. ఒకటి పొడుగు, తేలిక. రెండవది ఐదడుగుల విల్లు, బిగువుగా, నల్లని పాలిషుతో చూడముచ్చటగా ఉంది. దానిమీద 28 అంగుళాల లాగుడుకు 50 పౌన్లు అని వ్రాసి ఉంది. వాడు మొదటిదానిని చేతిలోకి తీసుకొని రెండుసార్లు లాగి చూశాడు. మేమేమో రెండవదానివైపు చూశాము. కొట్టతను, "ఎదిగే పిల్లవాడు గదా సార్, ఆరునెలల్లో అలవాటైపోతుంది" అన్నాడు. ఆ మాట మాకు బాగా నచ్చింది. మన ఇళ్ళల్లో క్రిస్మసుకు చొక్కా కుట్టించేటప్పుడు ఏమంటాము? ఎదిగే పిల్లవాడు, రెండేళ్ళు తొడుక్కునేలా వదులుగా కుట్టమంటాము. అదే లెక్కన విల్లు కొన్నాము. ఆ వారంలోనే వాడిని ఇంటర్మీడియట్ ఎం.పి.సి.లో కూడా చేర్చాము. అదీ మా ఎంపికే. వాడిని అడిగామని చెప్పలేము.

ఇందులో మమ్మల్ని ఎక్కువగా సిగ్గుపరచే సంగతి ఒకటుంది. ఆ ముందురోజు ఆదివారం ఆరాధనలో మేము చెప్పిన వాక్యం సౌలు కవచము. గొల్యాతుమీదికి వెళ్ళబోయే దావీదుకు రాజు తన యుద్ధవస్త్రములు తొడిగించడం, అలవాటులేని వాటితో నడవలేనని ఆ చిన్నవాడు వాటిని తీసివేయడం (1 సమూయేలు 17) నలభై నిమిషాలు వివరించాము. పెద్దల కొలతలు పిల్లలకు తొడగకండని తల్లిదండ్రులకు గట్టిగా హెచ్చరిక కూడా చేశాము. సోమవారం వెళ్ళి మా అబ్బాయికి సౌలు కవచమే కొనితెచ్చాము.

మూడు నెలలు వాడు ఒక్క మాట అనలేదు. రోజూ సాయంత్రం మేడమీదికి వెళ్ళేవాడు. తరువాత వారానికి రెండు రోజులైంది. దసరా సెలవుల నాటికి విల్లు బీరువా వెనక్కి చేరింది. చదువు ఎక్కువై మానుకున్నాడని మేము సంతోషించాము కూడా. వాళ్ళమ్మ మాత్రం ఒక ఉదయం మమ్మల్ని పక్కకు పిలిచి, "వాడు తల ఎడమచేత్తో దువ్వుకుంటున్నాడు, మీరు చూశారా?" అని అడిగింది. మేము చూడలేదు. పిలిచి అడిగితే కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. "మరి చెప్పలేదేమిరా?" అంటే, "డబ్బులు పెట్టి కొన్నారు గదా నాన్నా" అన్నాడు. డాక్టరుగారు భుజంలో నరాలు, కండరాలు బాగా ఒత్తిడి పడ్డాయని చెప్పి ఆరు వారాలు బరువు ఎత్తవద్దన్నారు.

తార్నాకలో ఉండే ఒక పెద్దాయన మా ఆరాధనకు వస్తారు. వ్యాయామ ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. క్రిస్మసు అయిన తరువాత విషయం తెలిసి, "అయ్యగారూ, అబ్బాయిని కాదు, ముందు ఆ విల్లును తీసుకురండి" అన్నారు. అంబర్‌పేట నుండి తార్నాకకు యూనివర్సిటీ లోపలినుండి నడిచి వెళ్ళడం మాకు అలవాటు. విల్లును పాత చీరలో చుట్టుకొని బయలుదేరాము. ఆర్ట్స్ కాలేజీ దగ్గర సెక్యూరిటీ అతను ఆపి, "ఏంది సార్ అది, కట్టెనా?" అన్నాడు. విల్లు అని చెబితే మమ్మల్ని కిందినుండి పైదాకా చూసి పంపించాడు.

మాస్టారు పాత పేపర్లు తూచే స్ప్రింగు కాటా తెచ్చారు. విల్లు నడుమను కిటికీ ఊచకు ఆనించి, కాటా కొక్కెమును అల్లెతాటికి తగిలించి, స్కేలు పక్కన పెట్టి ఒక్కొక్క అంగుళమే లాగుతూ కాగితంమీద వ్రాయించారు. 24 అంగుళాల వరకు అంగుళానికి సుమారు కిలో చొప్పున పెరిగింది. 25వ అంగుళానికి కిలోన్నర. 26వ అంగుళానికి రెండు కిలోలు. మొత్తం 18 కిలోలు దాటింది. నిండు నీళ్ళ బకెట్టును మూడు వేళ్ళతో పక్కకు లాగి, వణకకుండా పట్టుకొని, గురి చూడమన్నట్టు. పైగా ఆ బరువంతా చివరి రెండంగుళాల్లో గోడలాగా అడ్డం వస్తుంది.

దీనికి కారణం విల్లు పొట్టిగా ఉండడం అన్నారు. పొట్టి విల్లును ఎక్కువ లాగితే కొసల దగ్గర తాడుకూ కర్రకూ నడుమ మూల విచ్చుకొని నిలువుకు వచ్చేస్తుంది. ఇక అక్కడ కొస వంగడం మాని ఎదురు నిలబడుతుంది. పొడుగు విల్లులో ఆ మూల అంత త్వరగా విచ్చుకోదు గనుక మొదటి అంగుళం నుండి చివరి అంగుళం దాకా బరువు ఒకే తీరున పెరుగుతుంది. సాఫీగా లాగుడు పడడమంటే ఇదే. బరువు తక్కువగా ఉండడమొకటి, సాఫీగా ఉండడమొకటి. నేర్చుకునేవానికి రెండూ కావాలి.

పిల్లవాడి లాగుడు కొలవడం కూడా చూపించారు. రెండు చేతులు బారచాపించి, ఈ వేలికొస నుండి ఆ వేలికొసకు ఎన్ని అంగుళాలో కొలిచి రెండున్నరతో భాగించాలి. మావాడికి 65 అంగుళాలు, అంటే లాగుడు 26. విల్లు సుమారు మనిషంత పొడుగుండాలి. పూర్తిగా లాగి నిదానంగా పది లెక్కపెట్టేదాకా చెయ్యి వణకకూడదు. తాడెక్కించినప్పుడు రెండు కొమ్మలూ సమానంగా వంగుతున్నాయా, మెలిక ఉందా, నెర్రెలున్నాయా అని వేలితో తడిమి చూడాలి. బాణం పెట్టకుండా తాడు లాగి వదలకూడదు. ఆ దెబ్బంతా విల్లే తింటుంది, పగిలిపోవచ్చు. వాడనప్పుడు తాడు దించి ఎండ తగలనిచోట అడ్డంగా పెట్టాలి. మేము బీరువా వెనుక తాడుతోనే నిలబెట్టి ఉంచామని తెలిసి మాస్టారు ఏమీ అనలేదు గాని ముఖం మాత్రం తిప్పుకున్నారు.

జనవరిలో సువార్త పనిమీద శ్రీశైలం దారిలో మన్ననూరు వైపు వెళ్ళినప్పుడు వాడినీ తీసుకువెళ్ళాము. అది చెంచువారు ఉండే నల్లమల. హైమండార్ఫ్ దొరగారు 1943లో వారిని గురించి పెద్ద పుస్తకమే ప్రచురించారు. తరువాత మన ఉస్మానియాలో కొంతకాలం ఆచార్యులుగా కూడా ఉన్నారు. ఇప్పుడా అడవి పులుల రక్షణ ప్రాంతం, వేట నిషిద్ధం. అయినా ఒక ఇంటి చూరులో వెదురు విల్లు కనబడింది. వాకిట్లో ఆడుకునే పిల్లల చేతుల్లో కూడా విల్లులున్నాయి. ఒకటి మూరెడు, ఒకటి రెండు మూరలు, ఎవరి ఈడుకు తగ్గది వారికి. మా సంగతి చెప్పగా ఆ ఇంటి పెద్దాయన నవ్వి, "బిడ్డ వంగొద్దు సార్, విల్లు వంగాలె" అన్నాడు. వెదురు పైపొర తీసేయకూడదని, అది లాగేవాడి ఎదుటివైపుకు ఉండాలని చేత్తో రాసి చూపించాడు. గట్టి పీచంతా ఆ పైపొర దగ్గరే ఉంటుందట. వెదురు విల్లును తక్కువ చేసి మాట్లాడకండి. మన దేశపు పోటీల్లో ఇండియన్ రౌండు అనే విభాగం వెదురు విల్లుతోనే జరుగుతుంది. రాజస్థాన్ గిరిజనుడు లింబారాం వెదురు విల్లు పట్టిన చేతులతోనే ఎదిగి 1988, 1992, 1996 ఒలింపిక్సు మూడింటికీ వెళ్ళాడు.

ఆ ప్రయాణం నుండి వచ్చిన తరువాత మాకు హ్యూ లాటిమర్ జ్ఞాపకం వచ్చాడు. థియాలజీ డిప్లొమా చదివే రోజుల్లో సంఘ చరిత్ర పరీక్షకు అతనిని గురించి ఒకే సంగతి బట్టీపట్టాము: 1555లో ఆక్స్‌ఫర్డులో విశ్వాసం నిమిత్తం కాల్చబడ్డాడని. అయితే అతడు ఒక రైతు కుమారుడు. 1549లో ఆరవ ఎడ్వర్డు రాజు ఎదుట చేసిన ప్రసంగాలలో తన తండ్రి తనకు విల్లు నేర్పిన విధం చెప్పుకున్నాడు. ఆ తండ్రి కుమారుని వయస్సుకూ బలానికీ తగిన విల్లులే కొనిచ్చాడట. కుమారుడు పెరిగినకొద్దీ విల్లును మార్చాడట. చేతి బలంతో కాక ఒంటి బలంతో లాగడం నేర్పాడట. ఆ మాటలు వింటున్న రాజుకు అప్పటికి పదకొండేళ్ళు. అతని తండ్రి ఎనిమిదవ హెన్రీ కాలంలో 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో పైకి తీశారు. అందులో వందకు పైగా నిలువెత్తు విల్లులు దొరికాయి. వాటిలో అనేకం నూరు పౌన్లకు మించినవేనని పరీక్షించినవారు అంచనా వేశారు. అంతటి విల్లు లాగినవారు కూడా చిన్ననాడు చిన్న విల్లుతోనే మొదలుపెట్టారు. కొట్టతను చెప్పింది అబద్ధం కాదు, పిల్లవాడు ఎదుగుతాడు. ఎదిగినప్పుడు ఇంకొకటి కొనవలసింది మేము. ఆ ఖర్చు తప్పించుకోవాలని చూశాము.

ఫిబ్రవరిలో మాస్టారు తెలిసినవారి దగ్గరనుండి మూడు విల్లులు తెప్పించారు. ఈసారి మేము కుర్చీలో కూర్చున్నాము, ఏమీ మాట్లాడవద్దని వాళ్ళమ్మ ముందే చెప్పి పంపింది. వాడు మొదటిది లాగి దించాడు. రెండవది పట్టుకోగానే, పిడి బాగుంది గాని చివరలో బిగుస్తోందన్నాడు. మూడవది ఐదడుగుల ఎనిమిది అంగుళాల వెదురు విల్లు, చూపుకు ఏమంత లేదు. కాటా పెడితే 26 అంగుళాలకు 11 కిలోలు, అంగుళానికి అరకిలో చొప్పున చివరిదాకా ఒకే తీరు. మాస్టారు వెనుక నిలబడి వాడి రెండు చేతులమీద తన చేతులు వేసి, భుజం దించి, వీపుతో లాగించారు. మరణపడక మీదనున్న ఎలీషా రాజు చేతులమీద తన చేతులు వేసిన సంగతి (2 రాజులు 13) మేము ఎన్నిసార్లు చదివామో! ఆ చేతులు ఎలా ఉంటాయో మాత్రం ఆ పెరట్లో చూశాము. మాస్టారు మెల్లగా చేతులు తీసేశారు. వాడు అలాగే పట్టుకొని నిలబడ్డాడు. మేము లోపల పదివరకు లెక్కపెట్టాము. బాణం పది మీటర్ల అవతల వరిగడ్డి మోపులో దిగింది. మధ్యలో కాదు, ఒక పక్కన. వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. దసరా తరువాత ఆ నవ్వు మా ఇంట్లో చూడలేదు.

తిరిగి వస్తూ ఆర్ట్స్ కాలేజీ ముందు తాడు సరిచేసుకోవడానికి ఆగాము. వాడు తలవంచుకొని చీర చుడుతూ, "నాన్నా, లెక్కలు కూడా నాకు ఆ చివరి రెండంగుళాల్లాగే ఉంటున్నాయి" అన్నాడు.

మేము వెంటనే ఏమీ అనలేదు. "ఎప్పటినుండి?" అని అడిగాము. "చేరినప్పటినుండి" అన్నాడు. మెట్లమీద కూర్చున్నాము. దీపాలు వెలిగేదాకా వాడే మాట్లాడాడు. మేము మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకున్నాము.

పరీక్షలు వ్రాశాడు. వచ్చే జూన్‌లో ఏ గ్రూపు అన్నది ఇంకా తేలలేదు. వాడు చెప్పినదానికి మా ఇంట్లో ఇంకా ఒకరు ఒప్పుకోవలసి ఉన్నది, ఆ ఒకరు ఈ వ్యాసం వ్రాస్తున్నవారే. మీ కుటుంబ ప్రార్థనలో మమ్మల్ని జ్ఞాపకం చేసుకోగలరు.